హెర్-2 జీర్ణాశయ క్యాన్సర్: మందు మార్చేముందు మళ్లీ బయాప్సీ అవసరమా?

మా నాన్నగారికి కాలేయానికి కూడా పాకిన జీర్ణాశయ క్యాన్సర్ ఉంది. తొలి బయాప్సీలో హెర్-2 (కొన్ని క్యాన్సర్ కణాలపై ఎక్కువగా ఉండి వాటి పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్) పరీక్ష 3+, అంటే బలమైన పాజిటివ్, రావడంతో కీమోథెరపీతో పాటు ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇచ్చారు. కొంతకాలం గడ్డలు బాగానే తగ్గాయి గానీ, ఇటీవలి సీటీ స్కాన్‌లో మళ్లీ పెరిగినట్లు తేలింది.

ఇప్పుడు వైద్యులు రెండు మార్గాలు చెబుతున్నారు. మొదటిది ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, అంటే హెర్-2ను పట్టుకునే యాంటీబాడీకి కీమో మందును జోడించి క్యాన్సర్ కణంలోకి చేర్చే మందు. రెండవది, కణితికి కొత్త రక్తనాళాలు ఏర్పడకుండా అడ్డుకునే రాముసిరుమాబ్‌ను పాక్లిటాక్సెల్‌తో కలిపి ఇవ్వడం. 2025లో వెలువడిన డెస్టినీ-గ్యాస్ట్రిక్04 అధ్యయనం ఈ రెండింటినీ నేరుగా పోల్చగా, మధ్యస్థ జీవితకాలం మొదటిదానితో 14.7 నెలలు, రెండవదానితో 11.4 నెలలుగా ఉంది. అయితే ట్రాస్టుజుమాబ్ తర్వాత కొందరిలో హెర్-2 కనిపించకుండా పోతుంది కాబట్టి, ఆ అధ్యయనంలో రోగులను చేర్చుకునే ముందు మళ్లీ బయాప్సీ చేసి అది ఇంకా ఉందని నిర్ధారించుకున్నారు. మా వైద్యులు మాత్రం పాత నివేదికే చాలంటున్నారు. నీరసించిన మనిషికి మళ్లీ ఎండోస్కోపీ అంటే (నిజానికి ఆయనకంటే నాకే భయం ఎక్కువ) వెనకాడాలనిపిస్తోంది, కానీ పనిచేయని మందుతో విలువైన కాలం పోతుందేమోనన్న ఆలోచన అంతకన్నా బాధిస్తోంది.

ఇటువంటి పరిస్థితిలో మీ కుటుంబంలో ఎవరికైనా మళ్లీ బయాప్సీ చేయించారా? చేయిస్తే, కాలేయంలోని గడ్డ నుంచి తీశారా, ఎండోస్కోపీ ద్వారానా? డెరక్స్‌టెకాన్‌తో ఊపిరితిత్తుల వాపు రావచ్చని చదివాను. పొడిదగ్గు, ఆయాసం వంటి లక్షణాలను మీరు ఎంత తొందరగా గుర్తించగలిగారు, అప్పుడు మందు ఆపివేశారా అన్నది కూడా దయచేసి తెలియజేయగలరు.