ఒకటే ఇంజనుండే విమానం గాల్లో ఆగిపోతే దించొచ్చా?

కావలి కుర్రోడు:
అన్నలూ ఒక డౌటు. మా చిన్నాయన కొడుకు పైలెట్ ట్రైనింగులో చేరాడు, సెస్నా అంట, ఒకటే ఇంజన్. ట్రైనింగ్ విమానం ఒకటి యాడో పొలంలో పడిందని టీవీలో చూసినకాడ్నించి మా పిన్ని సరిగా అన్నం తినట్లా, వాడికి గంటకో ఫోను. ఉండే ఒక్క ఇంజనూ ఆగిపోతే ఇంగ చేసేదేం ఉండదా? తెలిసినోళ్ళు చెప్పండి, నేను చెప్తే వినట్లా ఆమె.

హ్యాంగర్ మామ:
చాలా ఉండాది తమ్ముడూ. ఇంజన్ పోతే రెక్కలు పోవు కదా, దిగుడు రోడ్లో బండి న్యూట్రల్ చేసినట్టు ఉన్న ఎత్తుని ఖర్చుపెట్టుకుంటా దిగడమే. సెస్నా 172 అయితే 65 నాట్లు, అంటే గంటకి 120 కి.మీ. స్పీడు పట్టుకుంటే వెయ్యి అడుగులు దిగేలోపు రెండున్నర కిలోమీటర్ల పైనే ముందుకి పోతాది. 3 వేల అడుగుల్లో ఉంటే దాదాపు 4 నిమిషాలు. ముందు స్పీడు, తర్వాత దిగే చోటు, ఆనెక ఇంకో పెట్రోల్ ట్యాంక్‌కి మార్చి స్టార్ట్ అవుద్దేమో చూడటం, మేడే కాల్, అంటే ఆపదలో ఉన్నామని రేడియోలో చెప్పడం, అప్పుడు. సోలోకి, అంటే ఒంటరిగా నడపడానికి, పంపే ముందు ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా థ్రాటిల్ వెనక్కి లాగి ఇంజన్ పవర్ తగ్గించేసి ఇప్పుడు యాడ దించుతావ్ అని అడుగుతాడు, మీవాడు సోలో చేసుంటే ఇదీ అయ్యుంటాది.

ప్రాణం మీదకి తెచ్చేది వేరే. టేకాఫ్ అయ్యి నాలుగైదు వందల అడుగుల్లో ఆగిందనుకో, రన్‌వే వెనకే ఉంది కదా అని గట్టిగా వంచి తిప్పుతారు, 60 డిగ్రీలు వంచితే స్టాల్ స్పీడు, అంటే రెక్క మొయ్యడానికి ఉండాల్సిన కనీస స్పీడు, 40 శాతం పెరుగుద్ది, ఇంజన్ లేక ఉన్న స్పీడేమో పడిపోతా ఉంటాది, రెక్క ఇంగ మొయ్యదు, ఆ ఎత్తులో సర్దుకునే టైం ఉండదు. అందుకే ఎదురుగా ఏముంటే దాంట్లోకే పొమ్మంటారు.

సింగరాయకొండ సీను:
మనకి విమానాలు దించను కట్టిన కొరిశపాడు హైవే ఉండాది కదా, 2022 డిసెంబర్లో సుఖోయ్ యుద్ధ విమానాలే వచ్చినియ్, ఆడ దించుకోమను 😄

హ్యాంగర్ మామ:
ట్రాఫిక్ మొత్తం మళ్ళించి చేసిన ట్రయల్ అబ్బయ్యా అది, ఎయిర్‌ఫోర్సోళ్ళది. మామూలు రోజు లారీ డ్రైవర్‌కి నువ్వొచ్చేది తెలవదు. దూరం నుంచి ఏ హైవే అయినా ముద్దొస్తాది, దగ్గరికొస్తేనే వైర్లు, బోర్డులు కనపడేది.

రొయ్యల గుంట:
మా సముద్రం పక్క అయితే యాడ దిగాల సామీ? ఎటు చూసినా రొయ్యల గుంటలు, గట్లు, ఏరియేటర్లు, వాటికి లాగిన కరెంటు వైర్లు. నాట్లేసిన కయ్యల్లో దిగితే చక్రాలు కూరుకుపోయి తల్లకిందులు అవుద్దేమో?

హ్యాంగర్ మామ:
అవుద్ది. నీళ్ళమీద దిగినా అంతే, చక్రాలు లోపలికి పోవు కదా ఈటికి. కోత కోసి ఎండిన కయ్య బెస్టు, గట్టుకి అడ్డంగా కాకుండా పొడుగునా రావాల.

స్పానర్:
నేను మెయింటెనెన్స్ సైడు. ఇంజన్ విరిగే ఆగక్కర్లా, పెట్రోల్ అందకపోయినా ఆగుద్ది. అయిపోవడం, తప్పు ట్యాంక్ మీద పెట్టుకోవడం, అడుగున నీళ్ళు చేరడం. సింగర్ జాన్ డెన్వర్ 1997లో ఇట్టనే పోయాడు, ట్యాంక్ మార్చే పిడి ఎడమ భుజం వెనక పెట్టుండారు, తిరిగి దాన్ని అందుకోబోతే విమానం అదుపు తప్పింది. ఆ పిడి ఆడ పెట్టినోడిని ఏమనాల?

ఇంకోటి మనోళ్ళు నమ్మరు, పెట్రోల్నీ గాలినీ కలిపే కార్బరేటర్‌లో ఐసు. మన కోస్తా మాదిరి ఉక్కపోత వాతావరణంలోనే, 25 డిగ్రీల వేడిలో కూడా కడుతుంది, పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు లోపల అంత చల్లబడుద్ది. విమానం పడినాక కరిగిపోద్ది, విచారణకొచ్చినోళ్ళకి ఏమీ దొరకదు. దానికి వేడి గాలి పంపేదానికి కార్బ్ హీట్ అని ఒక నాబ్ ఉంటాది, టైముకి లాగాల.

హాలీవుడ్ హీరో హారిసన్ ఫోర్డ్ 2015లో గోల్ఫ్ కోర్సులో పడ్డాడే, ఆయన పాత విమానంలో కార్బరేటర్ జెట్టు లూజై పవర్ పోయింది. బతికాడు, కానీ విమానంలో భుజం బెల్టుని సరిగా అమర్చకపోవడంతో దెబ్బలు ఎక్కువ తగిలినియ్ అని రిపోర్టులో రాశారు.

కావలి కుర్రోడు:
థాంక్స్ అన్నలూ, పిన్నికి మొత్తం చదివి వినిపించా. అన్నం తినింది. ఇప్పుడు పొద్దున్నే ఫోన్ చేసి పెట్రోల్లో నీళ్ళు చూసుకున్నావా అని వాణ్ణి అడుగుతా ఉంది.

స్పానర్:
కప్పులో పట్టి చూసేదే అది, రోజూ ఎక్కేముందు. భుజం బెల్టు సంగతి కూడా అడగమను.