విదేశీ సందర్శకుడన్న కారణంతో ప్రాసిక్యూటర్ బెయిలును వ్యతిరేకించవచ్చా?

చర్చ ప్రారంభించినవారు:
పర్యాటక వీసాపై వచ్చిన వ్యక్తి మీద కేసు నమోదైతే, బెయిలిస్తే విమానమెక్కి వెళ్లిపోతాడన్న వాదనను ప్రాసిక్యూటర్లు దాదాపు యాంత్రికంగా వినిపిస్తున్నారు. అదే ఆరోపణపై స్థానికుడు పూచీకత్తుతో సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతాడు. ఈ తేడా సమంజసమేనా?

మొదటి అభిప్రాయం:
సమంజసమేనని నేను భావిస్తున్నాను. స్థానికుడికి ఇల్లు, ఉద్యోగం, కుటుంబం ఉంటాయి; సందర్శకుడిని ఇక్కడ పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఒకసారి సరిహద్దు దాటితే అతణ్ణి రప్పించడం ఎంత కష్టమో చూడండి. బ్రెజిల్ రాజ్యాంగం అక్కడ పుట్టిన పౌరులను ఏ దేశానికీ అప్పగించనివ్వదు. ఫ్రాన్స్ కూడా ఐరోపా సమాఖ్య బయటి దేశాలకు తన పౌరులను అప్పగించదు. ఇక చిన్న నేరాలైతే చాలా అప్పగింత ఒప్పందాల పరిధిలోకే రావు. నిందితుడు తిరిగి రాకపోతే బాధితుడికి ప్రాసిక్యూటర్ ఏమని సమాధానం చెప్పాలి?

రెండో అభిప్రాయం:
అప్పగింతలో ఉన్న ఇబ్బందిని నేను కాదనను. కానీ పారిపోయే అవకాశాన్ని మనిషిని చూసి అంచనా వేయాలి గాని, పాస్‌పోర్టు రంగును చూసి కాదు. పాస్‌పోర్టును కోర్టు స్వాధీనంలో ఉంచడం, నగదు పూచీ తీసుకోవడం, వారానికి రెండుసార్లు హాజరు వేయించడం వంటి మార్గాలు పనికిరావని ప్రాసిక్యూటర్ ముందు చూపించాలి. స్థానికుడైతే బయట ఉండే పరిస్థితిలో పరదేశి జైల్లో ఉండిపోయే ప్రమాదముందని గుర్తించే, ఐరోపా సమాఖ్య 2009లో నిందితుణ్ణి అతని నివాస దేశంలోనే పర్యవేక్షణలో ఉంచే ఏర్పాటు చేసింది.

నన్ను ఎక్కువగా బాధించేది ఆ తరువాత జరిగేది. నేను కొంతకాలం దుబాసీగా పనిచేశాను. చిన్న కేసులో వారాల తరబడి రిమాండ్‌లో ఉన్న మనిషికి, నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లిపొమ్మంటే, అతను కాగితంలో ఏముందో చూడడు. ఎక్కబోయే విమానాన్నే చూస్తాడు. ఒకసారి నిందితుడు తలవంచుకుని ‘తప్పు జరిగిపోయిందండీ’ అన్నాడు. అది జరిగినదానికి విచారం. కానీ అంతకు ముందు ఫోన్‌లో అనువదించిన మరో దుబాసీ అదే మాటను ‘నేను తప్పు చేశాను’ అని చెప్పగా, వాంగ్మూలంలో అది నేరాంగీకారంగా నమోదై ఉంది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 14వ అధికరణ ఉచిత దుబాసీని హక్కుగా ఇచ్చింది. ఎవరో ఒకరు లైనులో ఉన్నంత మాత్రాన ఆ హక్కు నెరవేరదు.

మొదటి అభిప్రాయం చెప్పినవారు:
దుబాసీని పిలవడం, రాయబార కార్యాలయానికి తెలపడం పోలీసుల పని కదా?

రెండో అభిప్రాయం చెప్పినవారు:
మొదటి బాధ్యత అరెస్టు చేసినవారిదే. అయితే అరెస్టయిన విదేశీయుడికి తన దేశ కాన్సులేటును సంప్రదించే హక్కు ఉందని చెప్పి తీరాలనే 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ ప్రభుత్వాన్ని బంధిస్తుంది, కోర్టులో ఆ ప్రభుత్వం తరఫున నిలబడేది ప్రాసిక్యూటరే. లాగ్రాండ్ సోదరులనే జర్మన్ పౌరులకు అమెరికాలోని ఆరిజోనా అధికారులు ఈ హక్కును సకాలంలో చెప్పలేదు. జర్మనీ కాన్సులేటుకు వారి సంగతి 1992లో గాని తెలియలేదు, అప్పటికే మరణశిక్షలు పడి ఏళ్లు గడిచాయి. 1999లో ఇద్దరికీ శిక్ష అమలైంది. ఒప్పందాన్ని ఉల్లంఘించారని 2001లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చేసరికి వారు బతికి లేరు. ఫైలు చేతికి రాగానే ‘ఇతనికి చెప్పారా?’ అని అడగడం ప్రాసిక్యూటర్‌కు ఒక నిమిషం పని.

మూడో అభిప్రాయం:
సందర్శకుడే సాక్షి అయినప్పటి సంగతిని మీరిద్దరూ వదిలేశారు. 1995లో జపాన్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో సాక్షులైన థాయ్‌లాండ్ మహిళలను ముందే స్వదేశానికి పంపించివేశారు. ప్రాసిక్యూటర్ ముందు వారిచ్చిన వాంగ్మూలాలను కోర్టు ఆ కేసులో అంగీకరించింది. అయితే సాక్షిని పంపించివేస్తారని తెలిసి ఆ పరిస్థితిని ప్రాసిక్యూటర్ వాడుకుంటే అలాంటి వాంగ్మూలం చెల్లకపోవచ్చని కూడా స్పష్టం చేసింది. కాబట్టి సాక్షి తిరుగు ప్రయాణానికి ముందే, డిఫెన్స్ న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్ చేసేలా, న్యాయమూర్తి ఎదుట సాక్ష్యం నమోదు చేయించాలి. ఆ పని మొదటి వారంలోనే జరిగితే, నిందితుణ్ణి నెలల తరబడి లోపల ఉంచమని అడగవలసిన కేసులు కూడా తగ్గుతాయి.