పిల్ల కనపడకపోతే ముందు అరవాలా, వెతకాలా?

సన్నజాజి:
జనం తిరిగే చోట మూడేళ్ళ పిల్ల చెయ్యి వదిలించుకుని కనపడకుండా పోయిందనుకోండి. మొదటి నిమిషంలో ఏం చెయ్యాలి? వెంటనే గట్టిగా అరవమని కొందరు, నలుగురినీ కంగారు పెట్టకుండా ముందు చుట్టుపక్కల చూసుకోమని కొందరు. ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

ఈతగట్టు:
అరవాలి. ఇందులో రెండో మాట లేదు. మూడేళ్ళ పిల్ల సెకనుకో మీటరు తేలిగ్గా నడుస్తుంది. అంటే నిమిషానికి 60 మీటర్లు, ఐదు నిమిషాలకు 300. దూరం ఐదింతలైతే వెతకాల్సిన జాగా పాతికింతలవుతుంది. ఒక్క మనిషి రెండు కళ్ళతో పట్టే లెక్క కాదది.

అయితే పేరు పెట్టి అరిస్తే లాభం లేదు. పేరు పిల్లకు తెలుసు గానీ పక్కనున్న ఇరవై మందికి తెలియదుగా. "మూడేళ్ళ పాప, పసుపు గౌను, ఎర్ర చెప్పులు, కనపడటం లేదు!" ఇలా అరవాలి. వయసు, పైబట్ట రంగు, చెప్పుల రంగు, ఈ మూడూ చాలు. ఆపకుండా అవే మాటలు అనుకుంటూ నడవాలి. ఆ మాట చెవిన పడగానే జనం చూపు కిందికి దిగుతుంది. మామూలుగా పెద్దవాళ్ళ చూపు పెద్దవాళ్ళ మొహాల ఎత్తులోనే తిరుగుతుంటుంది. మూడేళ్ళ పిల్ల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లే.

నిదానం:
ఈతగట్టు గారూ, పిల్ల అంత దూరం ఎందుకు పోతుందండీ? చాలాసార్లు పది అడుగుల్లోనే ఉంటుంది, వేలాడదీసిన బట్టల మధ్యనో, బల్ల కిందో, స్తంభం వెనకో. ముందు ఉన్నచోటే నిలబడి ఒక పూర్తి చుట్టు తిరిగి చూడాలి. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల ఎత్తు నుంచి చూడాలి. 20 సెకన్ల పని. నిలబడితే కనపడని చెప్పులు కూర్చుంటే కనపడతాయి.

అరిస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. అమ్మ గొంతులో భయం వినపడితే, తిడతారేమోనని నాలుగైదేళ్ళ పిల్లలు ఇంకా లోపలికి దూరతారు. సాయం చేద్దామని పదిమంది పది వైపులకు పరిగెడతారు, తలుపు దగ్గర మాత్రం ఒక్కరూ ఉండరు. ముందు చూసుకోవాల్సింది బయటికి వెళ్ళే తలుపు. తలుపు మన చేతిలో ఉంటే పిల్ల లోపలే ఉన్నట్టు.

1994లో అమెరికాలోని వాల్‌మార్ట్ దుకాణాల్లో మొదలైన, తప్పిపోయిన పిల్లలను వెతికే కోడ్ ఆడమ్ పద్ధతి చూడండి. పిల్ల ఆనవాళ్ళు తీసుకుంటారు, ద్వారాల దగ్గర మనుషులను నిలబెడతారు, మిగతా సిబ్బంది చేతిలో పని వదిలి వెతుకుతారు, 10 నిమిషాల్లో దొరక్కపోతే పోలీసులను పిలుస్తారు. అందులో ఎవరూ గోల చెయ్యరు.

ఈతగట్టు:
ఒక మెట్టు వదిలేశారు. ఆనవాళ్ళు తీసుకోగానే మైకులో ప్రకటిస్తారు. అరవడమంటే అదే కదా! మైకు ఉన్నచోట మైకు, లేనిచోట గొంతు.

మీ 20 సెకన్ల గురించి కూడా అడుగుతాను. దగ్గర్లో నీళ్ళుంటే? మునిగే పిల్ల కేక వెయ్యదు, చెయ్యి ఊపదు. నోరు నీటిమట్టం దగ్గర మునుగుతూ తేలుతూ ఉంటుంది, శ్వాస తీసుకోవడానికే సందు దొరకదు, ఇక అరుపెక్కడిది? మునిగిపోయే ముందు నీటి పైన కొట్టుకునేది 20 నుంచి 60 సెకన్లు. నీళ్ళలో మునిగి చనిపోయే ముప్పు అన్ని వయసులకంటే 1 నుంచి 4 ఏళ్ళ పిల్లలకే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొలను, తొట్టె, బకెట్, ఏదైనా సరే ముందు నీళ్ళు చూడాలి. బల్ల కింద దాక్కున్న పిల్ల ఐదు నిమిషాల తర్వాత కూడా బల్ల కిందే ఉంటుంది.

నిదానం:
అడిగింది జనం తిరిగే చోటు గురించి. నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి?

ఈతగట్టు:
కొలనుల దగ్గర జనం ఉండరా?

చతురంగం:
ఇంత గొడవెందుకు, ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ట్యాగ్ ఒకటి కట్టేస్తే సరి.

నిదానం:
దాని మీద భరోసా పెట్టుకోకండి. బ్లూటూత్ ట్యాగ్ దగ్గర్లో ఉంటేనే మీ ఫోన్‌కు నేరుగా దొరుకుతుంది. దూరమైతే దారినపోయే ఇంకొకరి ఫోన్ దాన్ని పసిగట్టి చెప్పాలి. మ్యాపులో మీరు చూసే చుక్క కొన్ని నిమిషాల పాతది కావచ్చు. జీపీఎస్ వాచీ పైకప్పు కింద తడబడుతుంది, ఏ అంతస్తో చెప్పలేదు. చాలా ట్యాగుల్లో ఉండేది సీఆర్2032 నాణెం బ్యాటరీ, 20 మిల్లీమీటర్ల బిళ్ళ. పిల్ల మింగితే, గొంతులో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. కడితే మూతకు స్క్రూ ఉన్న తొడుగులోనే పెట్టండి.

బాలవాడి:
పెద్దవాళ్ళు ఏం చెయ్యాలో చెబుతున్నారు, పిల్లకు ఏం నేర్పాలో ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళలోపు పిల్లకు తాను తప్పిపోయాననే తెలియదు. ఏదో చూసుకుంటూ పోతుంది, అలసిపోతే ఓ మూల పడుకుంటుంది, పిలిచినా పలకదు. అందుకని ఆ వయసుకు జేబులో చీటీ గానీ, మణికట్టు లోపలివైపు పెన్నుతో ఫోన్ నంబరు గానీ. బయటివైపు పేరు మాత్రం వద్దు, పేరు పెట్టి పిలిస్తే ఎవరి వెంటైనా వెళ్తారు.

నాలుగు దాటితే మూడు మాటలు నేర్పొచ్చు. కనపడకపోతే అక్కడే ఆగు. అమ్మా నాన్నల అసలు పేర్లు చెప్పు. పిల్లలను వెంటబెట్టుకున్న ఇంకో అమ్మను అడుగు. "తెలియనివాళ్ళతో మాట్లాడకు" అని మాత్రమే నేర్పితే అది ఎదురు తిరుగుతుంది. 2005లో అమెరికాలో యూటా కొండల్లో తప్పిపోయిన 11 ఏళ్ళ అబ్బాయి నాలుగు రోజుల పాటు, వెతకడానికి వచ్చినవాళ్ళకే కనపడకుండా దాక్కున్నాడు. ఎత్తుకుపోతారేమోనని భయపడ్డాడు.

ఇంకొకటి. బయల్దేరేటప్పుడు తల నుంచి చెప్పుల దాకా ఒక ఫోటో తీసి ఉంచుకోండి. కంగారులో సొంత బిడ్డ వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుకు రాదు.

పాతకాపు:
చెయ్యి గట్టిగా పట్టుకుంటే ఈ తంటాలన్నీ ఎందుకు? పిల్లల మీద ధ్యాస లేనివాళ్ళకే ఈ పథకాలన్నీ.

ఈతగట్టు:
ఈ మాటే పిల్లలను చంపుతోంది పాతకాపు గారూ. మెత్తగా చెప్పలేను, క్షమించండి. "ధ్యాస లేదు" అంటారన్న భయంతోనే అమ్మానాన్నలు నోరు మెదపకుండా రెండు మూడు నిమిషాలు ఒక్కళ్ళే తిరుగుతారు. నిదానం గారూ, మీరు ముందు నిశ్శబ్దంగా వెతకమన్నది కూడా దీనికోసమేనా? పిల్ల దాక్కుంటుందనా, లేక పరువు పోతుందనా?

నిదానం:
పరువే. సరే, ఒప్పుకుంటున్నాను. కానీ నేను చెబుతున్నది తల్లి గర్వం గురించి కాదు. అరవగానే మూగినవాళ్ళు మొదట అడిగేది "పాప ఏ రంగు గౌను వేసుకుంది?" అని కాదు, "నువ్వేం చేస్తున్నావమ్మా?" అని. దానికి జవాబు చెప్పేసరికే నిమిషం గడిచిపోతుంది. ఆ నిమిషం మిగలాలనే ముందు మీరే చూసుకోండి అన్నాను.

ఈతగట్టు:
అయితే మార్చాల్సింది మూగినవాళ్ళను. తల్లి నోరు కాదు.

నిదానం:
జనం ఈ సాయంత్రానికి మారరు. పిల్ల ఈ సాయంత్రమే తప్పిపోతుంది.

బాలవాడి:
పాతకాపు గారి మాటకు జవాబు ఇంకా మిగిలే ఉంది. ఒక పెద్దమనిషి చూసేటప్పటికంటే నలుగురు ఉన్నప్పుడు కన్ను ఎక్కువ తప్పుతుంది. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అని ఇద్దరూ నిజాయితీగానే అంటారు. బిడ్డను ఒకరి నుంచి ఇంకొకరికి అప్పగించేటప్పుడు నోటితో చెప్పాలి: "పాప నీ దగ్గర." అవతలివాళ్ళు "నా దగ్గరే" అనే దాకా మీ కన్ను పిల్ల మీదే ఉండాలి. తల ఊపితే లెక్కలోకి రాదు. ఫోన్ చూస్తూ "ఊఁ" అన్నా లెక్కలోకి రాదు. ప్రేమ తక్కువై తప్పిపోరు, ఈ ఒక్క మాట అనకపోవడం వల్ల తప్పిపోతారు.

పాతకాపు:
చెయ్యి పట్టుకుంటే ఆ మాటతోనూ పని లేదు. నా మాట మీదే నేనున్నాను.

వేపకొమ్మ:
డబ్బులు తీసేటప్పుడు, చెప్పు వేసుకునేటప్పుడు రెండు చేతులూ కావాలి కదండీ. అప్పుడు పిల్లను గోడకూ మన కాళ్ళకూ మధ్య నిలబెట్టుకోవడమే దారి.

సన్నజాజి:
ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే ఒకరు అరవడం, ఒకరు తలుపు దగ్గరికి, అలా పంచుకోవచ్చా? ఎవరు ఏది?

నిదానం:
వేగంగా పరిగెత్తగలిగినవాళ్ళు తలుపుకు. పిల్ల ఏం వేసుకుందో గుర్తున్నవాళ్ళు అరవడానికి.

ఈతగట్టు:
నీళ్ళుంటే వేగంగా పరిగెత్తేవాళ్ళు నీళ్ళ దగ్గరికి, తలుపుకు కాదు. దొరికాక తిట్టకండి, లేకపోతే మళ్ళీసారి పిలిస్తే పలకదు. వెతకడానికి వచ్చినవాళ్ళందరికీ దొరికిందని అదే గొంతుతో అరిచి చెప్పండి, లేకపోతే తలుపు దగ్గర నిలబడ్డాయన అలాగే నిలబడి ఉంటాడు.