సమస్యాపూరణం: ఎముకకు కలెక్టరు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య, తేటగీతి ఛందస్సులో. చివరి పాదం ఇదీ, అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

ఎముకకుఁ గలెక్టరును బంపి రెలమి దొరలు

సూచన: అరబ్బీ ధాతువు ద్-ల్-అ. దాని బిడ్డ ఒకటి మన ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది.

గోదారిగట్టు:

రాక్షసపు బల్లి యవశేష మేదొ దొరక
కోట పొరలందు నదిచెంత గుట్టు తెలియ
కాచి యుంచంగ దొంగల కంటఁ బడక
యెముకకుఁ గలెక్టరును బంపి రెలమి దొరలు

నిర్వాహకుడు: భలే! యామన్‌పల్లి కోటసారస్ అనే డైనోసార్ గుర్తొచ్చింది, ‘కోట’ అనే శిలాపొరల్లో దొరికింది. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా మ్యూజియంలో ఉంది. కానీ మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ నియమిత స్థానంలోని అక్షరానికీ ఉండాల్సిన మైత్రి) తప్పింది, ‘రా’కు ‘మే’ చెల్లదు. ‘యవశేషరాశి దొరక’ అంటే సరి. ధాతువును మాత్రం ముట్టుకోలేదు మీరు.

చింతగుమ్మ:

పక్కటెముకకు నరబులు పలుకు మాట
పారసీకుల నోట ‘జి’ వర్ణ మొంది
చేరి మన నేలఁ బాలన సీమ యయ్యె
నెముకకుఁ గలెక్టరును బంపి రెలమి దొరలు

గోదారిగట్టు: అంటే జిల్లాయా!

చింతగుమ్మ: అవునండీ. అరబ్బీలో ‘దిల్అ’ అంటే పక్కటెముక. మొదటి అక్షరం ‘దాద్’. అరబ్బులు తమది దాద్ భాష అని చెప్పుకుంటారు. పారసీకులకు ఆ ధ్వని లేదు, సన్నని ‘జ’ (ఇంగ్లీషు z) చేశారు. చివరి ‘అయిన్’ను ఉర్దూలోనే గొంతులోంచి పలకరు, ఇక మనమేం పలుకుతాం?

పాతబస్తీ: బాగుంది గానీ అమ్మా, ఎముక నుంచి ఏకంగా సీమకు దూకేశారు. నడుమ ఒక మెట్టుంది: దిల్అ అంటే ఒంటి పక్క, ఆపైన త్రిభుజం భుజం కూడా. బహుభుజిని ‘ముదల్లఅ’ అంటారు. నా పూరణ:

పక్కటెముకయె గణితానఁ బక్క యయ్యె
నందునుండియె నేలకు నంశ మయ్యె
జంగు సాలారు జిల్లాలఁ జక్కఁ దీర్చె
నెముకకుఁ గలెక్టరును బంపి రెలమి దొరలు

నిర్వాహకుడు: యతి కోసం సాలార్‌జంగును తలకిందులు చేశారే! 1865 జిలాబందీ, అంటే నిజాం రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడం, నిజాం దివానుగా ఆయనదే, ఒప్పుకుంటాను. కానీ నిజాం జిల్లా అధికారి అవ్వల్ తాలూక్‌దారు. కలెక్టరు కుంపిణీవారి (ఈస్టిండియా కంపెనీ) మాట. మూడో పాదం నాలుగోదానితో పేచీ పెట్టుకుంది. అన్వయంలో మీది పైచేయి, చరిత్రలో చింతగుమ్మగారిది. నా ఓటు ఆమెకే.

పాతబస్తీ: సరే. ఒక్క కొసరు: పక్కటెముకలు దృఢంగా ఉన్నవాడు ‘దలీఅ’, బరువు మోయగలవాడు. విద్యలో నిష్ణాతుణ్ణీ ఇప్పుడు అదే మాటంటారు. కలెక్టరుకు అదీ నప్పుతుంది.

గోదారిగట్టు: మరి తాలూకా?

నిర్వాహకుడు: అది వేరే ధాతువు, అయిన్-ల్-క్. వేలాడడం, అంటిపెట్టుకోవడం. వచ్చే వారం సమస్య దాని మీదే, కందంలో. ప్రాస చూసుకుని రండి.