‘రికార్డుల నిలుపుదల కాలం’: ఈ మాట మార్చుకుందామా?

అందరికీ నమస్కారం. ఒక బ్యాంకు తెలుగు నోటీసులో ‘రికార్డుల నిలుపుదల కాలం: 5 సంవత్సరాలు’ అని ఉంది. రికార్డులను ఐదేళ్లు దాచి ఉంచుతామని వాళ్ల ఉద్దేశం. మా పిన్ని అది చదివి, “ఐదేళ్లు లెక్కలు రాయడం ఆపేస్తారా?” అని అడిగింది. ఆవిడ అనుమానం న్యాయమైనదే. నిర్మాణాల నిలుపుదల, సరఫరా నిలుపుదల అని రోజూ పేపర్లో చూసేవాళ్లకు ఆ మాటకు ఆపడం అనే అర్థమే తడుతుంది. ‘పరువు నిలుపుకో’, ‘ప్రాణం నిలిపాడు’ అన్నప్పుడు కాపాడటం అనే అర్థం ఇంకా బతికే ఉంది. ‘నిలుపుదల’ దగ్గరికి వచ్చేసరికి అది వాడుకలో పోయింది.

‘భద్రపరిచే గడువు’ అంటే సరిపోతుందా? మీరేమంటారు?

జవాబు:
భద్రపరచడం బాగుందండీ, గడువు మాత్రం వద్దు. గడువు అనగానే ఆలోపు పని అయిపోవాలి, ఆ తర్వాత చెల్లదు అని తోస్తుంది. ఇక్కడ చట్టం చెప్పేది కనీస కాలం. బ్యాంకు రికార్డుల గురించి 1985లో వచ్చిన నియమాల ప్రకారం కొన్ని రిజిస్టర్లను 5 ఏళ్లకు తగ్గకుండా, లెడ్జర్ల వంటివాటిని 8 ఏళ్లకు తగ్గకుండా ఉంచాలి. ఆ ‘తగ్గకుండా’ అనేదే అసలు మాట. దాన్ని వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది.

ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో కూడా వాక్యంలో ఉండాలి. మనీ లాండరింగ్ (అక్రమ సొమ్మును సక్రమమైనదిగా చూపడం) నిరోధక చట్టం ప్రకారం లావాదేవీ రికార్డుకు ఆ లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదేళ్లు. ఖాతాదారు గుర్తింపు పత్రాలకైతే ఖాతా మూసేశాక ఐదేళ్లు. ఇరవై ఏళ్లు నడిచిన ఖాతా విషయంలో ఈ రెండిటికీ ఎంత తేడా వస్తుందో చూడండి! ‘5 సంవత్సరాలు’ అని ఊరికే రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

జవాబు:
నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. మా ఆఫీసుల్లో నిలుపుదల అనే మాటే వినలేదు. ఫైలు ముగించేటప్పుడే దాని మీద ఆర్.డిస్. అనో డి.డిస్. అనో వేస్తాం. మొదటిది శాశ్వతంగా ఉంచాల్సింది, రెండోది పదేళ్ల తర్వాత తీసేయదగ్గది. మాలో మేం మాట్లాడుకునేటప్పుడు ‘ఈ ఫైలు ఉంచాలి’, ‘ఇది తీసేయొచ్చు’, అంతే. పూర్వం కరణాలు లెక్కలు రాసిన తాటాకు కట్టలను కవిలెలు అనేవారు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కాలంలో ఊళ్ల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు, రాసినవాళ్లు ఆ పాత కవిలెలనే ఆధారం చేసుకున్నారు. అవి ఉంచారు కాబట్టే మన ఊళ్ల చరిత్ర కొంతైనా మిగిలింది. నాకు ‘ఉంచడం’ అనే చిన్న మాటే ఇష్టం.

మొదట అడిగినవారు:
మీ ఇద్దరికీ ధన్యవాదాలండీ. కేంద్ర ప్రభుత్వ రికార్డుల కోసం 1993లో చేసిన చట్టంలో నిబంధనకు విరుద్ధంగా రికార్డు నాశనం చేస్తే ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. మీరు చెప్పిన బ్యాంకు నియమాల్లోనూ ఉంచి తీరాలనే ఉంది. కాబట్టి ‘ఉంచవచ్చు’ కాదు, ‘ఉంచాలి’ అనే రాయాలి. బ్యాంకుకు ఈ వాక్యం పంపుతున్నాను: ‘ఖాతా మూసిన తేదీ నుంచి 5 ఏళ్లకు తగ్గకుండా మీ గుర్తింపు పత్రాలను మేము భద్రంగా ఉంచాలి.’ ఇందులో ఇంకేమైనా మార్చాలంటే రేపటిలోగా చెప్పండి.