ఐ3-6100 ఓవర్‌క్లాక్ కోసం పాత బయోస్ ఎక్కించొచ్చా?

అందరికీ నమస్తే, నేను బెంగళూరులో ఉంటున్నా, ఎస్పీ రోడ్‌లో సెకండ్‌హ్యాండ్‌లో జెడ్170 మదర్‌బోర్డు, ఇంటెల్ ఐ3-6100 ప్రాసెసర్ కలిపి తక్కువకే దొరికాయి, ఒంగోల్లో డిగ్రీ చదివే మా తమ్ముడికి పంపిద్దామని తీసుకున్నా. ఈ చిప్ ఓవర్‌క్లాక్‌కి (కంపెనీ పెట్టిన స్పీడ్ దాటించడానికి) వీలిచ్చే కే మోడల్ కాదు, మల్టిప్లయర్ (బేస్ క్లాక్‌ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 37 దగ్గర లాక్, కానీ 2015 చివర్లో కొన్ని బోర్డు కంపెనీలు బయోస్‌తో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్‌తో) బేస్ క్లాక్ పెంచుకునే దారి ఇచ్చాయి కదా, 100 మెగాహెర్ట్జ్‌ని 120 చేస్తే 3.7 గిగాహెర్ట్జ్ కాస్తా 4.44 అవుతుంది. 2016లో ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే చిన్న కోడ్) తెచ్చి ఆ దారి మూసేసింది. డబ్బులు పెట్టి కొన్న చిప్‌ని ఎంత స్పీడ్‌లో వాడాలో వాళ్లు చెప్పడం నాకైతే అన్యాయంగానే ఉంది, 1998లో 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఏ చిప్‌ని జనం 450 మెగాహెర్ట్జ్‌కి లాగి హాయిగా వాడుకున్నారు.

ఇప్పుడు నా బోర్డులో కొత్త బయోసే ఉంది. పాతది ఫ్లాష్ చేస్తే (ఎక్కిస్తే) విండోస్ అప్‌డేట్‌తో వచ్చే మైక్రోకోడ్ మళ్లీ లాక్ చేసేస్తుందా? ఇలా ఓవర్‌క్లాక్ చేస్తే ఏవీఎక్స్ (భారీ లెక్కల కోసం చిప్‌లో ఉండే ప్రత్యేక ఆదేశాలు) స్పీడ్ పడిపోతుందని, లోపలి గ్రాఫిక్స్ పనిచేయవని తెలుసు, తమ్ముడి దగ్గర విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది కాబట్టి పర్లేదు. అసలు భయం కోర్ టెంపరేచర్ సరిగ్గా చూపించదంటున్నారే దాని గురించి, ఒంగోలు ఎండల్లో ఏసీ లేని గదిలో చిప్ ఎంత వేడెక్కిందో వాడికి ఎలా తెలుస్తుంది? ఇలా వాడినవాళ్లు ఎవరైనా ఉంటే కూలర్ ఏది పెట్టారో, వోల్టేజ్ ఎంత ఇచ్చారో కూడా చెప్పండి ప్లీజ్.