వర్జీనియాలో కూలీల స్థానంలో బానిసలు: బేకన్ తిరుగుబాటే కారణమా?

అమెరికాలో ఇంగ్లిష్ వలసరాజ్యమైన వర్జీనియాలో, పొగాకు తోటల్లో మొదట ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒప్పంద కూలీలే ఎక్కువ. 4 నుంచి 7 ఏళ్లు పనిచేస్తే విడుదల. 1700 దాటాక ఆ పని ఎక్కువగా ఆఫ్రికన్ బానిసలదైంది. ఎందుకో సోమవారంలోగా అసైన్‌మెంట్ రాసివ్వాలి, టెన్షన్‌గా ఉంది.

తేదీలు వరసగా పేర్చి చూశాను. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్న చట్టం 1662లో వచ్చింది. నథానియల్ బేకన్ నాయకత్వంలో ఒప్పంద కూలీలు కూడా కలిసి గవర్నర్‌పై చేసిన బేకన్ తిరుగుబాటు 1676లో, ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చే ఇంగ్లిష్ సంస్థ రాయల్ ఆఫ్రికన్ కంపెనీ గుత్తాధిపత్యం పోయింది 1698లో, బానిస చట్టాలన్నీ ఒకచోట చేర్చింది 1705లో. క్లాసు నోట్స్‌లో తిరుగుబాటు భయమే అసలు కారణమని ఉంది. మరి 1662 చట్టం దానికి 14 ఏళ్ల ముందుదే కదా! ఇంగ్లండ్‌లో కూలి పెరిగి వలసలు తగ్గాయన్న వాదనతోనూ రెండు డ్రాఫ్టులు రాసి కొట్టేశాను.

పెద్ద తోటల యజమానులు 1676కి ముందే బానిసల వైపు మళ్లారని చూపే వీలునామాలు, ఆస్తి జాబితాల లాంటి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?